హద్దుల్లేని పట్టా

ఉదయగిరి,
11-2-1987.

తమ్ముడు వహాబుకి మీ ఆపా కరీమున్నీసా దువా చేసి రాసేది. అందరమూ క్షేమం అని మొదలుపెట్టాలంటారు. నేనుండాను, అంతే. నువ్వూ మరదలూ బాగుండాల. మూడో తరగతి చదువు నాది. తప్పులుంటే పోయినసారి మాదిరి ఎర్ర ఇంకుతో దిద్ది తిరిగి పంపబాక. నాకు మండింది.

సంగతేమంటే, మన వలి పనిచేసిన మద్రాసు కంపెనీ నుంచి ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. కామెర్లు ముదిరి వాడు మంచాన పడి ఉంటే ఆ కంపెనీ నుంచి ఒక్క మనిషి తొంగి చూడలా. ఇప్పుడు వాళ్లకి వాడి తల్లి గుర్తొచ్చింది. పోస్టాఫీసు గోవిందయ్య చదివి చెప్పినాడు. ఆయన ఇంగ్లీషు నీకు తెలుసుగదా, తెలిసిన మాట గట్టిగా, తెలియని మాట గబగబా చదువుతాడు. వలి చేసిన సాఫ్టు వేరు మీద కంపెనీవాళ్లు అమెరికాలో పేటెంటు తీసుకుంటా ఉండారంట. పేటెంటంటే ఏంది గోవిందయ్యా అంటే, “పట్టా అమ్మా, పట్టా. ఇంగ్లీషోళ్లు సాగదీసి పలుకుతారు” అన్నాడు. సాఫ్టంటే మెత్తన అంట. వేరంటే మనకి తెలిసిందే. మద్రాసులో మిద్దె గదిలో ఉన్న పిల్లోడు మెత్తటి వేరు యాడ తవ్వినాడో నాకు అర్థం కాలా. కంప్యూటర్ల కంపెనీలో పని అని చెప్పేవాడు. ఏం పని నాయనా అంటే “యంత్రానికి వెతకడం నేర్పుతుండానమ్మీ” అని నవ్వేవాడు.

ఒక ముక్క మటుకు గోవిందయ్య చేత రెండుసార్లు చదివించుకున్నాను. ఆ పట్టాలో మన వాడి పేరు ఉంటదంట. కనిపెట్టినవాడు షేక్ వలీ బాషా అని అచ్చులో వేస్తారంట. వాడు లేడు గాబట్టి తల్లిగా నేను సంతకం చెయ్యాల.

వహాబూ, వాడి పేరు ఇప్పుడు యాడుండాది చెప్పు. రేషన్ కార్డులో కొట్టేసినారు. ఓట్ల జాబితాలో తీసేస్తామని వచ్చి అడిగిపోయినారు. గోరీ మీద ఇంకా రాయి పెట్టలా, మట్టే. ఇంట్లో నేను వాడి పేరెత్తితే చుట్టాల ఆడోళ్లు “సబర్, సబర్” అని నా నోరు మూస్తారు. ఓర్చుకోవాలంట. అమెరికాలో అయితే ఏంది, ఒక్క చోట వాడి పేరు చెరపకుండా ఉంటే నాకు చాలు. కాగితాలు నీ పనే గదా. దీంతో పంపినాను. ఏం చెయ్యాలో చెప్పు.

నీ ఆపా,
కరీమున్నీసా.

మరదలికి ఆకుపచ్చ గాజులు డజను తీసిపెట్టినాను. బస్సులో ఎవరన్నా వస్తే పంపుతా.


ఆత్మకూరు,
సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురు,
18-2-1987.

మహారాజశ్రీ ఆపా కరీమున్నీసా గారి సముఖమునకు, ఆత్మకూరు కాపురస్తుడు, దస్తావేజు లేఖరి, షేక్ అబ్దుల్ వహాబు సలాములతో వ్రాసి యిచ్చిన లేఖ యేమనగా,

సదరు ఇంగ్లీషు కాగితం ముట్టినది. నా ఇంగ్లీషు రిజిస్ట్రేషను ఇంగ్లీషు, అయినా దీపం పెట్టుకుని చూసినాను. ఆపా, ఇది దస్తావేజేనా? షెడ్యూలు లేదు. సర్వే నంబరు లేదు. విస్తీర్ణం లేదు. మెట్టా మాగాణా అన్నది లేదు. తూర్పున ఎవరు, పడమర ఎవరు, ఆ ఊసే లేదు. నా సర్వీసులో ఇట్టాంటి కాగితం ఎవడన్నా తెచ్చుంటే మొహాన కొట్టి పంపుతును.

వేరు అని స్పష్టంగా ఉండాది గనుక అది వేరుశెనగ. అంతకుమించి ఇంకేం వేరుకి పట్టా ఇస్తారు? కలిగిరి చేలల్లో మన వాడు చిన్నప్పుడు తిరగలా? ఏదో మెత్తటి రకం కాయ కనిపెట్టి, మనకి చెప్పకుండా అమెరికాలో భూమి సంపాయించినాడు. నోట్లో నాలుక లేదనుకున్నాం గదా ఆపా, పిల్లోడు మనల్ని మించినాడు.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. టీ అంగట్లో పెంచలయ్యకి మాత్రం చెప్పినాను. ఆయన ఎవరికి చెప్పినాడో, ఈ పొద్దు చేజర్ల నుంచి ఇద్దరు రైతులు వచ్చి అమెరికా భూమి కౌలుకి ఇస్తారా, బావిలో నీళ్లు ఎట్టుంటాయి అని అడిగినారు. ఆలోచించి చెప్తానన్నాను.

నేను చూడకుండా సంతకం చెయ్యొద్దు. ఏడుస్తా అసలు చెయ్యొద్దు. దుఃఖంలో చేసిన సంతకం కోర్టులో నిలవదు. కంపెనీవాడు వస్తే ముందు హద్దులు అడుగు. హద్దు చెప్పలేనివాడు ఆస్తి చెప్పలేడు.

యిట్లు తమ విధేయ తమ్ముడు,
షే. అ. వహాబు (సంతకం).


ఉదయగిరి,
9-3-1987.

తమ్ముడు వహాబుకి,

భూమి లేదు, వేరుశెనగా లేదు. చేజర్ల వాళ్లకి ఆ మాట చెప్పి పంపెయ్యి. నా ఇంటికి కూడా దుత్తలూరు మాలకొండమ్మ వచ్చి, “మా మూడోవాడు సేద్యం బాగా చేస్తాడు, అమెరికాకి పంపుదాం వదినా” అని కూర్చుంది. ఆమె కోడలికి గాజులేసి పంపేలోపల నా ప్రాణం పోయింది.

కంపెనీ నుంచి రాజమోహన్ అని మేనేజరు కారులో వచ్చినాడు. తెల్లచొక్కా, మెళ్లో టై. మంచం మీద కూర్చోబెట్టి టీ ఇచ్చి, నువ్వు చెప్పినట్టే “సార్, హద్దులేంది?” అని అడిగినాను. ఆయన నవ్వినాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేసినాడు.

“అమ్మా, ఇది నేలకి పట్టా కాదు. బుర్రలో ఆలోచనకి పట్టా.”

“బుర్ర మట్టిలో ఉండాది గదా సార్. మరి పట్టా ఎవరికి?”

పాపం, టీ గ్లాసు కింద పెట్టేసినాడు. “పట్టా కంపెనీకమ్మా. పేరు మీ అబ్బాయిది” అన్నాడు.

ఇంతకీ వలి చేసింది ఏందంటే, యంత్రంలో వేలకి వేల పేర్లు వరసగా పెట్టి ఉంటారంట. ఒక పేరు కావాలంటే మొదటి నుంచి చదువుకుంటా పోకూడదంట. సరిగ్గా మధ్యలో పేరు చూడాల. మనకి కావలసింది దానికి ముందా, తర్వాతా? ముందయితే వెనక సగం వదిలెయ్యాల. మిగిలిన సగంలో మళ్లీ మధ్యలో చూడాల. ఆయన చేతులూపి చెప్తా ఉంటే నాకు నవ్వొచ్చింది. వలి పోయినాక నేను నవ్వింది అదే మొదలు.

“ఇదా సార్” అని మలారం తీసి ముందరేసినాను. గాజులన్నీ చిన్న సైజు నుంచి పెద్ద సైజుకి వరసగా తాడుకి గుచ్చి ఉంటాయి గదా. ఆయన చెయ్యి పట్టుకుని మధ్య గాజు తీసి ఎక్కించినాను. బొటనవేలి ఎముక దగ్గర ఆగింది. “బిగువు. అంటే చిన్నవైపు సగం మనకి పనిలేదు” అని పెద్దవైపు మధ్యలోది తీసినాను. వదులయింది. ఆ రెండిటికీ నడిమిది తీసి, రవ్వంత బిగువుంటే సబ్బు నురగ రాసి ఎక్కించినాను. కుదిరింది. “వలి బడికి పోని వయసు నుంచి నా పక్కన కూర్చుని ఇదే చూసినాడు సార్. మీ చెయ్యి మా ఊరి పెళ్లికూతుళ్ల చేతి కంటే మెత్తగుండాది.”

ఆయన మొహం తెల్లబోయింది. “ఇది ఎవరికన్నా చెప్పినారా అమ్మా?”

“చెప్పేదేముంది సార్, గాజులేసేవాళ్లందరికీ తెలుసు.”

“అట్టా అనొద్దమ్మా. దయచేసి ఎవరితోనూ అనొద్దు. మీ అబ్బాయే మొట్టమొదట.”

ఇంకొకడు ఇట్టా వెతికితే? అన్నాను. మా కంపెనీ పర్మిషన్ తీసుకోవాల అన్నాడు. మరి హద్దు? అన్నాను. “ఇట్టాంటి వాటిల్లో హద్దు ఎంత వెడల్పుగా రాస్తే అంత మంచిదమ్మా” అన్నాడు. పోయేటప్పుడు గాజు రాలా. సబ్బు పెట్టినా రాలా. దాంతోనే కారెక్కినాడు.

ఏం చెయ్యను చెప్పు.

ఆపా.


ఆత్మకూరు,
16-3-1987.

ఆపా గారికి సలాములు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, ఆ పూటకి పని మానేసినాను. హద్దుల్లేని పట్టా! ఆపా, ఆ మాట ఎంత బరువైనదో నీకు తెలవదు. గట్టు మీద జానెడు జరిగిందని తలకాయలు పగలగొట్టుకునే మనుషులకి నేను ఇన్నాళ్లూ హద్దులు రాసినాను. హద్దే లేని ఆస్తి మన ఇంట పుట్టిందని నాకేం తెలుసు. గాలికి పట్టా ఇచ్చినట్టు. ఇండియాలో ఇట్టాంటివి ఇయ్యరంట, విచారించినాను. మన తాసిల్దారుకి అంత మనసు యాడిది? అమెరికావాళ్లు అమెరికావాళ్లే.

నీకు మనసులో పీకుతా ఉండాది, గాజులోళ్లందరూ చేసే పనికి ఒకరికి పట్టా ఏందని. నీకు అర్థమయ్యేట్టు చెప్తా విను. మెట్ట చేనుండాది. పట్టా లేకపోతే ఎవడన్నా బావి తవ్వుతాడా? తవ్వితే పక్కోడొచ్చి తోడుకుంటాడు. పట్టా ఉంటేనే మనిషి ధైర్యం చేసి నేలలోకి గునపం దించుతాడు. అట్నే ఆలోచనకి కూడా కాపలా ఉంటేనే ఇంకొకడు ఆలోచిస్తాడు. లేకపోతే అందరూ పక్కోడు ఎప్పుడు ఆలోచిస్తాడా అని కూర్చుంటారు. మా ఆఫీసు ముందర చూడు, నేను ఒక కొత్త వాక్యం రాస్తే సాయంత్రానికి నలుగురు లేఖరులు అదే రాస్తారు. అందుకే నేను కొత్త వాక్యం రాయడం మానేసినాను.

అయితే కంపెనీ కాగితంలో పెద్ద లోపం ఉండాది. వలికి ఈ ఆస్తి ఎట్ట సంక్రమించిందో రాయలేదు. వెనక మూలం లేని దస్తావేజు చెల్లదు. రేపు ఎవడన్నా అమెరికాలో అడ్డం తిరిగితే? కంపెనీవాళ్లు చదువుకున్నారేగాని రిజిస్ట్రేషను తెలవదు. నేను రాస్తాను. మూలం నుంచి ఎత్తుకుని, తరతరాల అనుభవం చూపించి, ఇనప్పెట్టె మాదిరి రాస్తాను. మన వలి హక్కుని ఆకాశం నుంచి జిబ్రయీలు దూత దిగొచ్చినా కదిలించలేడు.

తమ్ముడు,
వహాబు.

ఆకుపచ్చ గాజులు ముట్టినవి. మీ మరదలికి బిగువు.


ఉదయగిరి,
20-4-1987.

వహాబూ,

బావి మాట బాగానే చెప్పినావు. చదివి, నిజమే గదా అనుకున్నాను. అది పొద్దున. పొయ్యి దగ్గర కూర్చున్నాక ఇంకో మాట తోచింది. నా బావిలో పక్కోడు తోడుకుంటే నాకు నీళ్లు తగ్గుతాయి. దుత్తలూరులో ఇంకో గాజులామె మధ్య నుంచి సైజు చూస్తే నాకు ఏం తగ్గుద్ది? ఆమె చూస్తే నా మలారంలో మధ్య పోతదా? నువ్వు చదువుకున్నోడివి, నాకు చెప్పు.

ఇంకో సంగతి. వలితో కలిసి పనిచేసిన నరసింహ వచ్చినాడు. కలిగిరి పిల్లోడు. వలికి కామెర్లొచ్చినప్పుడు పక్కన ఉన్నది వీడే. ఇప్పుడా కంపెనీ మానేసి, నెల్లూరులో ఒక కంప్యూటరు పెట్టుకుని లారీ ఆఫీసులకి పనిచేస్తా ఉండాడు. ఏ డ్రైవరు పేరు చెప్పినా ఏ బండో, యాడికి పోయిందో తీసిస్తాడు. వాడు కంపెనీ కాగితం మొత్తం కూర్చుని తెలుగులో చదివినాడు. గోవిందయ్య గబగబా చదివిన మాటలన్నీ అందులోనే ఉండాయి.

అది ఒట్టు కాగితం వహాబూ. ఈ పద్ధతి నా కొడుకు కంటే ముందు లోకంలో ఎవరికీ తెలవదని నేను దేవుడి సాక్షిగా ఒట్టెయ్యాల. అప్పుడే వాడి పేరు అచ్చులో పడతది.

“మధ్య నుంచి వెతకడం ఎప్పట్నుంచో ఉండాదమ్మా. వలి చేసింది దాని మీద ఇంకో పని” అన్నాడు నరసింహ. మనోళ్ల పేర్లు ఒకడు ఒకరకంగా రాస్తాడు గదా. వలి, వల్లి, వలీ, అన్నీ ఒకటే. రవ్వంత తేడా ఉన్నా యంత్రం తిప్పి కొట్టకుండా, దగ్గరి పేరు పట్టుకునేట్టు మన వాడు నేర్పినాడంట. నేను నురగ రాసి గాజు ఎక్కిస్తానే, అట్ట. “ఆ నురగ వలిది. దాని వరకు పట్టా తీసుకుంటే నేను దండం పెడతాను. వీళ్లు నురగ చూపించి మలారం మొత్తం రాసుకుంటా ఉండారు.” ఆ ఒక్కదానికే రాయండి సార్ అని వీడు మద్రాసు పొయ్యి అడిగితే, అంత చిన్న గీతకి అమెరికా లాయరు ఎందుకని రాజమోహన్ అన్నాడంట. ఇక్కడ వీడిని ఆపే చట్టం లేకపోయినా, అమెరికాలో ఒక లైబ్రరీవాళ్లు వీడి పని అడిగి ఉండారంట, పట్టా వస్తే అది పోయినట్టే. “ఇక నేనేం కొత్తది చేసినా ముందు వాళ్ల గడప తొక్కాల. చెయ్యకుండా ఉండటం సులువు” అన్నాడు. నువ్వు కొత్త వాక్యం మానుకున్నావే, వీడూ అట్నే మానుకుంటాడంట. ఒకరు పట్టా లేక మానుకుంటే ఒకరు పట్టా ఉండి మానుకుంటారు. ఏం లోకమో.

ఒట్టేస్తే పేరు నిలబడుద్ది. వెయ్యకపోతే నా బిడ్డ పేరు నా చేత్తోనే నేను చెరిపినట్టు. నాకు అన్నం సయించడంలా.

ఆపా.


ఆత్మకూరు,
27-4-1987.

ఆపా,

ఇప్పుడు అర్థమైంది నాకు. ఆ నరసింహ ఎవడు? వాడి హక్కేంది? మా భాషలో వాడిని ఆక్రమణదారు అంటారు. చచ్చిన స్నేహితుడి ఆస్తిలో చేరి, తల్లిని మెత్తబరిచి, దుకాణం పెట్టుకున్నాడు. నువ్వేమో కన్నకొడుకు పేరు కంటే పరాయివాడి లైబ్రరీ ముఖ్యమన్నట్టు రాస్తా ఉండావు. వాడిని పెంచుకోవాలని ఏమన్నా ఉండాదా? ఉంటే చెప్పు, దత్తత పత్రం మనలో చెల్లదుగాని ఇంకోటి రాస్తా. మేనమామ బతికుండగా వలి సొత్తు వీధిన పడటానికి నేను ఒప్పుకోను.

దస్తావేజు తయారైంది. ముఖ్యమైన భాగం విను:

“…సదరు మధ్యనుండి వెతుకు పద్ధతి అనునది, వ్రాసియిచ్చువారి కుమారుడు కీర్తిశేషులు షేక్ వలీ బాషాకు ఆయన తల్లి కరీమున్నీసా వలనను, ఆమెకు ఆమె తల్లి మస్తాన్బీ వలనను, ఆమెకు ఆమె తల్లి చాంద్బీ వలనను అనువంశికముగా సంక్రమించి, నూరు సంవత్సరములకు పైబడి, ఉదయగిరి, దుత్తలూరు, కలిగిరి ప్రాంతముల యావన్మంది గాజుల వర్తకులు చూచుచుండగా, పగటిపూట, బహిరంగముగా, నిరాటంకముగా అనుభవించబడుచున్నది. హద్దులు: తూర్పు సముద్రము. పడమర వెలుగొండలు. ఉత్తరము, దక్షిణము ఎంతవరకు చెయ్యి చాపిన ఆడవారు గలరో అంతవరకు…”

చివరి వాక్యం కొత్తది. ఎవరికీ చూపించొద్దు.

నూరేళ్ల అనుభవం ఆపా! ఇంత గట్టి మూలం అమెరికా చూసి ఉండదు. వచ్చి సంతకం చెయ్యి. కంపెనీ ఒట్టు కాగితం బదులు ఇదే పంపుదాం.

వహాబు.


ఉదయగిరి,
2-5-1987.

వహాబుకి,

పెంచుకునేదానికి నా ఒడి ఖాళీ అయిందని నువ్వు గుర్తు చెయ్యనక్కర్లా. ఆ మాట నాకు గుచ్చుకుంది. నువ్వు చిన్నోడివి కాబట్టి మింగుతా ఉండాను.

నీ దస్తావేజు రెండుసార్లు చదువుకున్నాను. అమ్మీ పేరు, నానీ పేరు, దాని కింద నా పేరు, నా కింద వాడి పేరు. అంతమందిమి ఒకే కాగితంలో ఎప్పుడూ లేము. అందులో ఒక్క అబద్ధం లేదు. దానికి నేను రోజా ఉపవాసంలో ఉండి కూడా సంతకం చేస్తాను.

గురువారం మొదటి బస్సుకి వస్తాను. ఒక్క మాట కూడా మార్చబాక. నూరేళ్లన్నది మటుకు అసలు మార్చబాక. కంపెనీకి పంపేటప్పుడు ఇంగ్లీషులోకి కూడా రాయించు, గబగబా చదివే గోవిందయ్య చేత కాదు, నిదానంగా చదివేవాడి చేత.

ఆపా.


ఆత్మకూరు,
24-8-1987.

ఆపా,

మర్యాదలన్నీ పక్కన పెట్టి రాస్తా ఉండాను.

కంపెనీ నుంచి జవాబొచ్చింది. మన దస్తావేజు అమెరికా లాయర్లు చదివినారంట. చదివి, పట్టా దరఖాస్తు వెనక్కి తీసుకున్నారంట! ఎందుకంటే ఈ పద్ధతి నూరేళ్లుగా అందరి అనుభవంలో ఉండాదని మనమే రాసిచ్చినామంట. అనుభవం ఉంటే హక్కు రాదంట. ఏం చట్టం ఆపా ఇది? మన దేశంలో పన్నెండేళ్లు ఊడ్చుకుతిన్నవాడికి చేను రాసిస్తారు. వీళ్లు నూరేళ్లు వాడినారు గనుక మీది కాదంటారు. నిన్న రాత్రి పుట్టిందని ఒట్టేస్తేనే ఇస్తారంట. తాత ముత్తాతలు లేనివాడికి పట్టా, ఉన్నవాడికి వట్టి చెయ్యి! ఇట్టాంటి దేశం ఎట్ట నిలబడిందో.

ఒక ముక్క రాయడానికి మనసొప్పడంలా, అయినా దాచను. ఉత్తరం చివర “కావున శ్రీ వలీ బాషా కనిపెట్టినది ఏమియు లేదని భావించడమైనది” అని ఉండాది.

తప్పు నాది. నా రాత గట్టిదై బిడ్డ పేరు పోయింది. కానీ దారుండాది. సవరణ దస్తావేజు రాస్తాను. మన నానీ చాంద్బీ గాజులమ్మలేదు, చేపలమ్మింది అని రాస్తాను. అమ్మీకి సైజులు తెలవక కంటికి తోచింది ఎక్కించేది అని రాస్తాను. పెంచలయ్య సాక్షి సంతకం పెడతానన్నాడు. ఆయన నానీని చూడలేదు, అయినా పెడతాడు. నువ్వు సరే అంటే చాలు.

వహాబు.


ఉదయగిరి,
10-9-1987.

తమ్ముడు వహాబుకి ఆపా దువా.

నానీని చేపలబుట్ట ఎత్తించబాక. ఆమె చేప వాసన పడక పక్కింటామెతో పోట్లాడిన మనిషి. సవరణ ఏదీ వద్దు. నువ్వు రాసింది సరిగ్గా ఉండాది.

తప్పు నీది కాదు. నీ దస్తావేజు వాళ్లకి చేరితే కంపెనీ పట్టా పడిపోద్దని సంతకం చేసిన నాడే నాకు తెలుసు. నరసింహ చెప్పినాడు. “వహాబు మామూ తెలియక రాసినారమ్మా, ఇది పంపితే వలి పేరు రాదు, ఆలోచించుకోండి” అని, తనకి లాభమని కూడా దాచకుండా చెప్పినాడు. బస్సులో ఆత్మకూరు దాకా ఆలోచించుకున్నాను. నువ్వు సంబరంగా చదివి వినిపిస్తా ఉంటే నీకు చెప్పలేకపోయినాను. చెప్పి ఉంటే ఆ మాటలన్నీ కొట్టేస్తువు. అబద్ధం మీద వాడి పేరు నిలబెట్టి, రోజూ దాని కింద నేనెట్ట కూర్చునేది?

అయినా ఆ ముక్క, కనిపెట్టిందేమీ లేదన్నది, నాకు తగిలింది. ఒట్టేస్తే లోకంలో వాడే మొదట, ఒట్టెయ్యకపోతే వాడు చేసిందేమీ లేదు. నడుమ వాళ్లకి చోటే లేదు. నాకు తెలిసింది వాళ్లకి రాస్తే అర్థం కాదు గాబట్టి నీకు రాస్తా ఉండాను. నేను చేసింది చెయ్యి ఉన్నవాళ్లకి. వాడు చెయ్యి లేని యంత్రానికి బిగువూ వదులూ నేర్పినాడు. అది నా దగ్గర లేదు, అమ్మీ దగ్గర లేదు. అది వాడిదే.

ఒకసారి చూడాలనిపించి నరసింహతో నెల్లూరు పోయినాను. లారీ ఆఫీసు నిండా బీడీ పొగ, డ్రైవర్లు. నన్ను చూసి ఒకడు “ఏం పెద్దమ్మా, ఏ బండి?” అన్నాడు. నరసింహ కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎవరి పేరు కొట్టమంటారమ్మా అన్నాడు. నాకు ఇంకే పేరు తోచలా. షేక్ వలీ బాషా, ఉదయగిరి అన్నాను. పిల్లోడి వేళ్లు ఆగిపోయినాయి. కొట్టు నాయనా అన్నాను.

కొట్టినాడు. అది మధ్య నుంచి మొదలుపెట్టిందంట, నాకేం కనపడలా. దగ్గరి పేర్లు చూపించింది. వలీ సాహెబు, కావలి, ఇతనా? అంది. కాదు. వలీ అహమ్మదు, గూడూరు, ఇతనా? కాదు. వల్లయ్య అని ఎవరో, అతనా? కాదు నాయనా, కాదు. ఇంక లేదని రాసింది.

ఎంత తొందరగా చెప్పిందో వహాబూ. ఆ మాట అనేదానికి నాకు ఏడాది పట్టింది.

అంత చక్కగా చెప్పడం దానికి నేర్పింది మన వాడే. ఎవరూ భుజం తట్టలా, ఎవరూ సబర్ అనలా. వెనక డ్రైవరు పేరు చెప్పినాడు, నేను కుర్చీ ఇచ్చి లేచినాను.

నీ ఆపా,
వలి వాళ్లమ్మ.